బొంతను దువ్వే రోజు

కుడి చంక కింద వేలికి గట్టిగా ఏదో తగిలింది. చెల్లెలు దువ్వెన పక్కన పెట్టి, నేల మీద ఇంకాస్త వంగి, రెండు వేళ్ళతో బొచ్చును పాయ తీసి చూసింది. పేనుకుపోయి చిక్కుడు గింజంత ఉండ కట్టింది. నిన్న పొద్దున లేదు. ఉంటే ఆమెకు తెలియకుండా ఉండదు. రోజూ పనికి బయల్దేరే ముందు పిల్లిని పైపైనైనా ఒకసారి దువ్వందే ఆమె చెప్పులు తొడుక్కోదు.

పిల్లి పేరు బొంత. చిన్నప్పుడు ఇంకేదో నాజూకైన పేరు పెట్టారు గానీ అదిప్పుడు ఎవరికీ గుర్తులేదు. వీపంతా బూడిద రంగు. పొట్ట, చంకలు, కాళ్ళ లోపలి వైపు తెలుపు. బెత్తెడు పొడవు బొచ్చుతో ఎక్కడ కూర్చుంటే అక్కడ పాత బొంతను మడిచి పడేసినట్టే ఉంటుంది. అంత బొచ్చున్న పిల్లి ఒంటిని శుభ్రంగా ఉంచడంలో సగం పని పిల్లిది, సగం మనిషిది. ఈ మధ్య బొంత తన వంతు మానేసింది, నాక్కోవడం లేదు. ఒంట్లో తేడా చేస్తేనే పిల్లులు అలా మానేస్తాయని ఎవరో అనగా చెల్లెలు విన్నది. అప్పటినుంచి ఆమె మనసులో ఒక కీడు మెదులుతూనే ఉంది. ఈ ఇంట్లో ఎవరికో ఏదో కాబోతోంది. ఆ ఎవరో పిల్లేనని ఆమె అనుకుంది.

ఉండను కాస్త లాగి చూసింది. బొంత మూలిగింది.

"బొంతా," అంది కిటికీ పక్క కుర్చీలోంచి అక్క. "మీ చిన్నమ్మకి చెప్పు, ఇప్పుడు లాగొద్దని. మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని తీద్దాం."

చెల్లెలు తలెత్తలేదు. కానీ 'ఇద్దరం' అన్న చోట ఆమె చెయ్యి ఆగింది. ఆ మాట ఆ ఇంట్లో వినపడి చాలా కాలమైంది.

"ఇవాళ కాస్త త్వరగా రమ్మని కూడా చెప్పు," అంది అక్క. "ఒక మాట ఉంది."

"మాటుంటే నీతోనే చెప్పెయ్యమనవే బొంతా, మీ పెద్దమ్మని," అంది చెల్లెలు. "నాకు నువ్వు చెబుదువుగాని. ఇన్నాళ్ళూ నడుస్తోంది అలాగేగా."

అక్క కుడి చేత్తో ఎడమ చేతిని భుజం నుంచి మోచేతి దాకా నెమ్మదిగా రాసుకుంటూ కిటికీ బయటికి చూసింది. ఆమె పక్కన టీ కప్పు నిండుగా ఉంది. పైన మీగడ కట్టింది. చెల్లెలు అది చూసింది. టీ పెట్టింది తనే కాబట్టి, నచ్చక వదిలేసిందనుకుని మూతి ముడుచుకుంది. ఆకాశం కిందికి దిగినట్టుంది. గాలి లేదు, వాన లేదు. వీధిలో ఆరేసిన బట్టలు కదలకుండా వేలాడుతున్నాయి.

బొంత రోజూ పొద్దున దువ్వించుకోగానే నేరుగా అక్క ఒళ్ళోకి ఎక్కుతుంది. ఇవాళ కుర్చీ దాకా నడిచి, అక్క పాదాలు వాసన చూసి, వెనక్కి తిరిగి బల్ల కిందికి పోయి కూర్చుంది.

"ఇదేం కొత్త వేషమే!" అని అక్క నవ్వింది. నవ్వు మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

చెల్లెలు చెప్పులు తొడుక్కుంది. వెళ్ళొస్తానని పిల్లికి చెప్పి తలుపు దగ్గరగా వేసింది.

ఇంతకీ వాళ్ళిద్దరి మధ్యా పిల్లి టెలిఫోన్ లాంటిది. ఉప్పు అయిపోయినా, పైపు కారుతున్నా, తలుపు గడియ ఊడినా అన్నీ బొంత చెవినే పడాలి. 'మీ పెద్దమ్మకి చెప్పు', 'మీ చిన్నమ్మని అడుగు'. పిల్లి నిద్రపోతుంటే లేపి మరీ చెబుతారు. నిజానికి బొంత వాళ్ళ అమ్మ తెచ్చుకున్న పిల్లి, ఆవిడ ఒళ్ళో కూతురిలా పెరిగింది. ఆ వరస ప్రకారం అది వీళ్ళకి ఆఖరి చెల్లెలు కావాలి. కానీ చెల్లెలిని పట్టుకుని ఇంత చాకిరీ చేయించడం బాగుండదనో ఏమో, ఎవరూ అనుకోకుండానే అది కూతురైపోయింది. అదీ ఎవరి కూతురో తేలకుండా. ఒకరికి పెద్దమ్మ హోదా, ఒకరికి చిన్నమ్మ హోదా, మధ్యలో తల్లి లేదు.

పైకి చూస్తే నవ్వులాటలాగే ఉండేది. ఇరుగుపొరుగు కూడా మొదట్లో నవ్వి, తర్వాత అలవాటు పడ్డారు. కింది వాటా ఆవిడైతే తనే ఎదురొచ్చి, 'మీ బొంతతో చెప్పండి, ఇవాళ నీళ్ళు రావట' అనేది.

లోపల మాత్రం నవ్వులాట లేదు. అమ్మ చివరి రోజుల్లో ఆ కిటికీ పక్క కుర్చీ ఆవిడదే. వారానికోసారి బొంతను పూర్తిగా దువ్వేవాళ్ళు. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు ఒళ్ళో పట్టుకోవాలి, ఒకరు దువ్వాలి. అమ్మ పట్టుకునేది, అక్క దువ్వేది. చెల్లెలు పనిలో ఉండేది. ఒకరోజు పని నుంచి వచ్చేసరికి పిల్లి పట్టుకుచ్చులా మెరుస్తూ అమ్మ ఒళ్ళో ఉంది. అక్క ఎదురుగా పీట మీద కూర్చుని ఇంకా తోక దువ్వుతోంది. 'ఇందాకే కునుకు పట్టింది, లేపకు' అని గుసగుసగా చెప్పింది. చెల్లెలు అమ్మ చెయ్యి తాకింది. కరెంటు తీసేసి వదిలేసిన ఇస్త్రీపెట్టెలా చల్లగా, బరువుగా ఉంది ఆ చెయ్యి.

'మోకాలికి మోకాలు తగులుతోంది. మనిషి ఉందో పోయిందో తెలియలేదా నీకు? నువ్వసలు మనిషివేనా?' అంది చెల్లెలు. అంతకన్నా పెద్ద గొంతుతో ఇంకా చాలా అంది. అక్క నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆ రాత్రి చాలా సేపటికి, వంటింటి గుమ్మంలో నిలబడి, 'బొంతా, మీ చిన్నమ్మని ఇంత తినమను' అంది. అంతే. అప్పటినుంచి అదే పద్ధతి.

అక్క మళ్ళీ దువ్వెన ముట్టుకోలేదు. మరుసటి వారం తనే వెళ్ళి అమ్మ కుర్చీలో కూర్చుని పిల్లిని ఒళ్ళోకి తీసుకుంది. చెల్లెలు పీట వేసుకుని దువ్వెన అందుకుంది. ఎవరూ ఎవరినీ అడగలేదు.

చెల్లెలు పనిచేసేది డ్రైక్లీనింగ్ దుకాణంలో. ఇస్త్రీ అయిన కోట్లను కొయ్యకు తగిలించి, అంటుకునే టేపును జిగురు పైకి వచ్చేలా అరచేతికి చుట్టుకుని, కాలర్ నుంచి అంచు దాకా అద్ది, మిగిలిన పోగుల్ని, నలుసుల్ని, వెంట్రుకల్ని తీసెయ్యడం ఆమె పని. ఆ తర్వాత బ్రష్షు. పెళ్ళి ప్రస్తావన వచ్చిపోయిన వయసులో చేరింది, ఇప్పుడు కళ్ళజోడు మందం పెరిగింది. ఒక్క నలుసు వదలదని పేరు. ఆమె తెచ్చిచ్చే కోట్లకు ఊడిన బొత్తాలు ఇంట్లో అక్క కుట్టేది. సంచీలో పైన పెట్టిన కాగితం మీద 'బొంతా, నల్లకోటుకు మూడు' అని రాసి ఉండేది.

వారానికి ఒకరోజు దుకాణం ఒంటిపూట. ఆ రోజు పని తక్కువ. ఎవరూ తీసుకుపోని కోట్లు వెనక కమ్మీకి వరసగా వేలాడుతుంటాయి. తలలు లేని మనుషులు దేనికోసమో వరసలో నిలబడ్డట్టు ఉంటుంది. రోజూ చూసేవే అయినా ఇవాళ వాటికి వీపు చూపించి పనిచేయడం చెల్లెలికి ఎందుకో ఇబ్బందిగా ఉంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

"ఏంటమ్మా, ఎవరన్నా పిలిచారా?" అన్నాడు యజమాని.

"లేదండీ."

"చేతుల మీద ఆ తెల్లబొచ్చేంటి? మీ పిల్లికి కూడా జీతం ఇవ్వాలా నేను?"

రోజూ వేసే పాత హాస్యమే. ఆమె రోజూలాగే నవ్వింది. టేపుతో తన జబ్బల మీద తనే అద్దుకుంది. త్వరగా రమ్మంది అక్క. ఏం మాట ఉంటుంది? పొద్దున తను అన్నది కాస్త ఎక్కువే అయింది. కానీ ఇన్నాళ్ళు బిగించిన పిడికిలి తెరవమంటే వేళ్ళు వెంటనే కదలవు.

షట్టర్ దించబోతుంటే మాస్టారు వచ్చాడు. బడిలో లెక్కలు చెప్పి మానేసిన ముసలాయన. బూడిదరంగు కోటు మొన్ననే ఇచ్చి వెళ్ళాడు. చెల్లెలు కోటు తెచ్చి బల్ల మీద పరిచింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని కాలర్ ఎడమ వైపు చాలాసేపు చూశాడు.

"ఇక్కడ ఒకటి ఉండాలమ్మా," అన్నాడు.

"మరక కదండీ? పోయింది. ఆనవాలు కూడా లేదు."

"మరక కాదు. వెంట్రుక."

"మాస్టారూ, మా దగ్గరికొచ్చిన కోటు మీద వెంట్రుక మిగిలితే నేను మీసాలు తీయించేసుకుంటా!" అన్నాడు యజమాని. ఆయనకి అసలు మీసాలే లేవు.

మాస్టారు నవ్వలేదు. "మా ఆవిడదండీ," అన్నాడు నెమ్మదిగా. "ఆవిడ పోయాక ఈ కోటు బీరువాలోనే ఉంది. మొన్న చలికి తీస్తే కాలర్ మీద కనపడింది. పొడుగ్గా, నెరిసి. మరక ఒక్కటీ తీయించి, దాన్ని అలాగే ఉంచమందామనుకున్నా. ఇచ్చేటప్పుడు చెప్పడం మర్చిపోయాను."

చెల్లెలు కాలర్ వైపు చూసింది. ఆ వెంట్రుకను తీసింది తనే. అయినా తీసినట్టు గుర్తైనా లేదు. తీసేసేవేవీ గుర్తుండవు, అదే ఆ పని.

"ఉండండి," అని లోపలికి పోయి, వాడేసిన టేపులూ, బ్రష్షు దులిపిన నూగూ వేసే గుడ్డసంచీ తెచ్చింది. బల్ల మీద పాత కాగితాలు పరిచి కుమ్మరించింది. ఊళ్ళో సగం మంది ఒంటి మీది నూగు అక్కడ కుప్ప పడింది. నల్లవి, ఎర్రవి, రంగు వేసినవి, కుక్కలవి, పసిపిల్లలవి. ముగ్గురూ తలలు దగ్గరగా పెట్టి వెతికారు. యజమాని కూడా వెతికాడు. దొరికిన ప్రతి తెల్లవెంట్రుకా పొట్టిగానే ఉంది. సగం బొంతవి.

మాస్టారు, "పోనీలెండి," అన్నాడు. అలా అంటూనే వెతుకుతున్నాడు.

అప్పుడు చెల్లెలికి తన కోటు చేతి మడతలో ఒకటి కనిపించింది. పొడుగ్గా, నెరిసి, కొస కాస్త వంకీ తిరిగి. ఇంట్లో ఆమె కోటు, అక్క శాలువా ఒకే కొక్కానికి వేలాడతాయి. ఇది ఎవరిదో ఆమెకు తెలుసు. ఒక్క క్షణం ఆలోచించి, కుప్పలోంచి తీసినట్టుగా చెయ్యి తిప్పి పైకెత్తింది.

"ఇదేనా చూడండి."

మాస్టారు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ముఖమంతా విప్పారింది. "ఇదే! ఇంత పొడుగే!" అన్నాడు. చేతిరుమాలులో మడిచి, లోపలి జేబులో పెట్టుకుని, పైనుంచి ఒకసారి అదుముకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మీ తప్పేం లేదమ్మా. చెప్పాల్సింది నేను. చెప్పకపోతే ఎదుటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

ఆయన వెళ్ళాక యజమాని, "నిజంగా దొరికిందా?" అన్నాడు.

"దొరికిందిగా," అని చెల్లెలు కాగితాలు మడిచింది.

బయటికి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. మబ్బు ఇంకా కురవలేదు. పట్టపగలే వీధి దీపాలు వేసే వేళలా ఉంది. వడివడిగా నడుస్తూ చెల్లెలు తనలో తను నవ్వుకుంది. ఎవరి తల వెంట్రుకనో తన భార్యదనుకుని గుండె మీద పెట్టుకుని పోయాడు పాపం! ఇది ఎవరికైనా చెప్పాలి. ఎవరికి? యజమానికి చెప్పకూడదు, కింది వాటా ఆవిడకు చెబితే ఊరంతా తెలుస్తుంది. ఇలాంటిది విని ముందు పకపకా నవ్వి, ఆ తర్వాత కళ్ళు తుడుచుకునే మనిషి లోకంలో ఒక్కతే ఉంది. పైగా ఆ వెంట్రుక ఆవిడదే.

పిల్లికి చెప్పి చెప్పించే కథ కాదు ఇది.

'అక్కా.' నడుస్తూనే లోలోపల అని చూసుకుంది. కొత్త చెప్పులా కరిచింది. మళ్ళీ అని చూసింది. రెండోసారి కాస్త నయం. వెళ్ళగానే చెప్పేద్దామనుకుంది. కాదు, వెళ్ళగానే అయితే ఎబ్బెట్టుగా ఉంటుంది. బొంతను దువ్వుతూ, ఆ చిక్కు ఊడి రాగానే, తల దించుకుని చెబుతుంది. చేతిలో పని ఉంటే మాట తేలిగ్గా వస్తుంది.

మెట్లు ఎక్కింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

తలుపు తోసింది. అక్క అప్పటికే కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో తువ్వాలు, తువ్వాలు మీద బొంత. పక్కన ముక్కాలిపీట మీద పెద్దపళ్ళ దువ్వెన, సన్నపళ్ళ ఇనపదువ్వెన, మొనలు మొద్దుబారిన కత్తెర, పిండి డబ్బా వరసగా సర్ది ఉన్నాయి. ఇవన్నీ తెచ్చి సర్దడం అక్క పని కాదు, ఎప్పుడూ చెల్లెలే చేసుకుంటుంది. పొద్దుటి టీ కప్పు అలాగే ఉంది.

"వచ్చిందా మీ చిన్నమ్మ?" అంది అక్క. గొంతు పక్క గదిలోంచి వచ్చినట్టుంది. "ఆలస్యమైంది."

"పని పడిందని చెప్పు."

"ముందు చిక్కు సంగతి చూడమను బొంతా. నా మాట తర్వాత."

చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కూడా తర్వాతే అంటోంది. మంచిదే, ఇద్దరికీ కాస్త టైము. కోటు కొక్కానికి తగిలించి, చేతులు కడుక్కుని, పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. పీట పొట్టిది కాబట్టి ఆమె ముఖం పిల్లికి ఎదురుగా వస్తుంది. కిటికీ అక్క వెనక ఉంది. తలెత్తి చూసినా ఆ మబ్బు వెలుగులో అక్క ముఖం నీడగానే కనిపిస్తుంది. మోకాలికి మోకాలు తగిలింది. ఎప్పుడూ తగిలేదే.

ముందు వీపు. పెద్దపళ్ళ దువ్వెనతో మెడ నుంచి నడుము దాకా, వెంట్రుకలు పోయే దారిలోనే. దువ్వెనకు వచ్చిన బూడిదరంగు పింజను తీసి చెయ్యి చాపితే, అక్క ఎడమ చేత్తో పిల్లిని పొదివి పట్టుకుని, కుడి చెయ్యి తెరిచి అందుకుంటుంది. అందుకున్నదాన్ని వేళ్ళ మధ్య నలుపుతూ చిన్న ఉండ చుడుతుంది. పింజ మీద పింజ వేసి చుట్టి, రేగిపండంత కాగానే పక్కన సాసర్‌లో పడేసి ఇంకోటి మొదలుపెడుతుంది. బొంత చిన్నప్పుడు వాటిని ఇల్లంతా దొర్లించి ఆడేది. ఇప్పుడు ఆడదు. అయినా అక్క చుట్టడం మానలేదు. కిటికీ అంచున సాసర్ నిండా అవే.

ఇవాళ బొంత పెనుగులాడటం లేదు. బిగుసుకుని, చెవులు వెనక్కి పెట్టి, అక్క మోచేతి వైపే చూస్తోంది. దాని గుండె టకటకా కొట్టుకోవడం చెల్లెలి వేళ్ళకు తెలుస్తోంది.

"ఎందుకే అంత భయం? ఎవరేం చేస్తున్నారు నిన్ను?" అంది.

పైన అక్క ఊపిరి కాస్త గట్టిగా వినిపించింది. కుర్చీ కిర్రుమంది. మళ్ళీ పింజ ఇస్తే చెయ్యి అందుకుంది.

తర్వాత చంక. ముందు కాలు కొద్దిగా ఎత్తి, చిక్కు వదులయ్యేలా ఉండ మీద చిటికెడు పిండి చల్లింది. మొదలు దగ్గర, చర్మానికి నొప్పి తగలకుండా రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుని, కొస వైపు నుంచి గోటితో కొంచెం కొంచెంగా విడదీయసాగింది. కత్తెర వేస్తే క్షణంలో పోతుంది. కానీ అమ్మ కత్తెరకి ఒప్పుకునేది కాదు. తొందరపడితే చర్మం కూడా తెగుతుందనేది. చెల్లెలు ఊపిరి బిగబట్టి పనిచేసింది. పెదవుల మీద ఆ ఒక్క మాట సిద్ధంగా పెట్టుకుంది. ఉండ కొసన మొదటి పింజ, తెల్లటిది, మెత్తగా విడిపోయి వేళ్ళ మధ్యకు వచ్చింది.

"అక్కా," అంది.

అనేసి, తల దించుకునే చెయ్యి పైకి చాపి ఆ తెల్లపింజను అక్క చేతిలో పెట్టింది. తలెత్తే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు ముఖాలు చూసుకుంటే ఇద్దరూ ఏడుస్తారు, చెప్పాల్సిన నవ్వుల కథ పాడైపోతుంది.

"ఇవాళ కొట్లో ఏమైందో తెలుసా? మన మాస్టారు లేడూ, లెక్కల మాస్టారు..."

ఒకసారి గొంతు పెగిలాక ఇక ఆగలేదు. చిక్కు విప్పుతూనే మొత్తం చెప్పింది. యజమానికి లేని మీసాల పందెం, బల్ల మీద నూగు కుప్ప, మూడు తలలూ కలిపి వెతకడం. తీసిన పింజలన్నీ తెల్లవే ఇప్పుడు. చెయ్యి చాపినప్పుడల్లా అక్క అరచేతిలో వదులుగా, కుప్పగా తగులుతున్నాయి. ఉండ చుట్టడం లేదావిడ. ఓహో, పొద్దున అన్నదానికి ఇది జవాబన్నమాట, అనుకుంది చెల్లెలు. అలగనీ. అలిగే హక్కు ఆవిడకీ ఉంది. ఇన్నేళ్ళు తను చేసిందేమిటి?

"ఆఖరికి ఏం చేశానో చెప్పుకో. నా కోటు చేతికి ఒకటుంది, పొడుగ్గా. అదే ఇచ్చేశా. ఆయన మురిసిపోయి జేబులో పెట్టుకున్నాడు. అది నీదే అక్కా! నీ వెంట్రుక పట్టుకెళ్ళాడు మాస్టారు!"

నవ్వు కోసం ఆగింది. చినుకు మొదలైంది. కిటికీ అద్దం మీద ఒకటి, ఇంకొకటి.

నవ్వు రాలేదు. చెల్లెలి చెవులు వేడెక్కాయి. సరే, నవ్వక్కర్లేదు. చంకలోని ఉండ మొత్తం ఊడి వచ్చింది. ఆ చోట చర్మం గులాబీరంగులో పసిపిల్ల బుగ్గలా ఉంది, గీత కూడా పడలేదు. ఆమె పొట్ట దువ్వింది, వెనక కాళ్ళు దువ్వింది. దువ్వుతూ, చెప్పదలుచుకోని మాట కూడా చెప్పేసింది.

"అమ్మప్పుడు నేనలా అనుండాల్సింది కాదు. నీకు తెలిస్తే ఊరుకుంటావా? నాకు తెలుసది. అప్పుడూ తెలుసు."

తోక ఒక్కటి మిగిలింది. తోక కోసం చెయ్యి వేసేలోపు బొంత లేచి నిలబడింది. అక్క దాని నడుం మీద తట్టి 'ఇక పో' అంటే తప్ప ఆ పిల్లి ఎన్నడూ ఒళ్ళోంచి దిగలేదు. ఇవాళ ఎవరూ తట్టలేదు. దాన్ని పొదివి పట్టుకున్న చెయ్యి దారి ఇచ్చినట్టుగా పక్కకి జారిపోయింది. బొంత నేల మీదికి దూకి, గోడ వారగా నడిచి, బల్ల కిందికి పోయింది. తువ్వాలు దాని వెనకే జారి పడింది.

చెల్లెలు దువ్వెన పట్టుకుని అలాగే కూర్చుంది. మోకాలికి మోకాలు ఇంకా తగులుతూనే ఉంది.

అప్పుడు తలెత్తి చూసింది.

కింది వాటా ఆవిడ పైకి వచ్చేసరికి వాన పెద్దదైంది. దీపం వేసిందీ, డాక్టరుకి ఫోను చేసిందీ, అక్క కళ్ళు మూసిందీ ఆవిడే. చెల్లెలు పీట మీదనుంచి లేవలేదు.

"ఎంతసేపయింది?" అంది ఆవిడ.

"తెలీదు."

"నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే. దువ్వుతున్నా."

ఆవిడ కుర్చీ వైపు చూసింది, పీట వైపు చూసింది. "ఇంత దగ్గర కూర్చుని తెలియలేదా తల్లీ?" అంది. ఆవిడ గొంతులో నింద ఏమీ లేదు, జాలితోనే అడిగింది.

చెల్లెలు నోరు తెరిచింది. ఇదే ప్రశ్నకు ఒకరోజు ఈ గదిలోనే ఇంకో మనిషి ఇలాగే నోరు తెరిచి మూసుకుంది. ఆ మనిషి అప్పుడేం చెప్పబోయిందో ఇప్పుడు తెలిసింది. చెప్పడానికి ఏమీ ఉండదు. పొద్దున అక్క ఉందన్న ఆ ఒక మాట ఏమిటో మాత్రం ఇక ఎప్పటికీ తెలియదు. చెల్లెలు నోరు మూసుకుని ఏడ్చింది.

అక్కను లోపలి మంచం మీదికి చేర్చారు. వచ్చినవాళ్ళు మెట్ల మీద చిన్నగా మాట్లాడుకుంటున్నారు. చెల్లెలు తువ్వాలు తీసి మడిచింది. దువ్వెనలు తుడిచింది. అక్క అరచేతిలోంచి రాలిన తెల్లపింజలు కుర్చీ చుట్టూ, నేల మీదా పడి ఉన్నాయి. వాటిని ఏరుతుంటే కుర్చీ సందులో ఇరుక్కుని సగం చుట్టిన ఉండ కనిపించింది. దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. తెల్లపింజ తను మొదట ఇచ్చింది 'అక్కా' అన్న తర్వాతే. అంతకుముందు ఇచ్చినవన్నీ వీపు మీదివి, బూడిదరంగువి.

ఉండను సాసర్‌లో, మిగతావాటి మీద పెట్టింది. గట్టిగా చుట్టిన బూడిదరంగు ఉండ, దాని చుట్టూ ఒక్క చుట్టు తిరిగిన తెల్లని పాయ, కొస వదులుగా గాలికి కదులుతూ.